రోగపు దారియు, పటములోని గీతయు

గుమ్మఘట్ట మండలములో భైరవానితిప్ప వద్ద వేదవతీ నదికి అడ్డముగా కట్టిన జలాశయము కలదు. అయినను చుట్టుపట్ల చాలా పొలములు వాననే నమ్ముకొని యున్నవి. అనంతపురము ప్రాంతమున ఏటికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ ఎండిన యేడు కుటుంబములు కూలికై బెంగుళూరుకు పోవుట, పండుగకో పైరు అదనుకో తిరిగి వచ్చుట మన విద్యార్థులు ఎరుగని సంగతి కాదు. మనిషి కదలినచోటికి మూటాముల్లెతో పాటు సూక్ష్మజీవియు కదలవచ్చును. ఈ కదలికను పటముగా గీయుటకు, లెక్కకట్టుటకు శాస్త్రజ్ఞులు చేసిన రెండు ప్రయత్నములను ఇక్కడ పరిశీలింతము. అవి మనవంటి పల్లెకు ఎంతవరకు పనికి వచ్చునన్నదే ప్రశ్న.

మొదటిది కెన్యా దేశమునకు చెందినది. ఏమీ వెసొలోస్కీ మొదలగువారు దీనిని 2012లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. సుమారు కోటిన్నర సెల్ ఫోన్లు ఏ టవరు పరిధినుండి ఏ టవరు పరిధికి మారినవో ఏడాదిపాటు లెక్కదీసి, మలేరియా ఎక్కడ ఎంత ఉన్నదో తెలుపు పటముతో వారు జతపరచిరి. విక్టోరియా సరస్సు ప్రాంతమునుండి రాజధానియైన నైరోబీకి ప్రయాణికులతో మలేరియా చేరుచున్నదని తేలినది. నైరోబీలో కనబడు రోగమునకు విరుగుడు నైరోబీలోనే వెదకిన చాలదని ఈ పటము స్పష్టముగా చూపినది. ఇది గొప్ప మేలు.

కాని ఫోను ప్రయాణము, మనిషి ప్రయాణము ఒక్కటి కావు. ఇంటికి ఒకే ఫోనున్నచో అది తండ్రితో పోవును. తల్లి చంకలోని బిడ్డ పటమునకు కనబడడు. ఆఫ్రికాలో మలేరియావలన చనిపోవువారిలో అధికులు అయిదేండ్లలోపు పిల్లలే. ఈ లోపమును ఆ పరిశోధకులే 2013లో పరీక్షించి, ఫోను అందరికీ లేకున్నను కదలికల అంచనా అంతగా చెడదని కనుగొనిరి. దీనిని ఒప్పుకొనవలసినదే. అయితే అది కెన్యాకు కుదిరిన తీర్పు. మనది కర్ణాటక సరిహద్దు. ఇంట కూర్చున్నవాని ఫోనును ఆవలి రాష్ట్రపు టవరు అందుకొనవచ్చును. ఆ లెక్క ప్రకారము అతడు ప్రయాణికుడగును!

రెండవ ప్రయత్నము మన రాష్ట్రమునకు సంబంధించినది. రమణన్ లక్ష్మీనారాయణ్ ప్రభృతులు ఆంధ్రప్రదేశ్, తమిళనాడులలో కోవిడ్ సోకిన 84,965 మందిని, వారిని కలిసిన 5,75,071 మందిని గూర్చిన వివరములు పరిశీలించి 2020లో అదే పత్రికలో వ్యాసము వ్రాసిరి. ఇందులో టవర్ల మాట లేదు. ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లు తిరిగి ఎవరు ఎవరిని కలిసిరో అడిగి తెలిసికొనినదే దీనికి ఆధారము. ఇంటిలోనివారికి సోకిన పాలు నూటికి 9 అని, ఒకే వాహనములో రోగికి దగ్గరగా ఆరుగంటలు లేక అంతకు మించి ప్రయాణించినవారిలో నూటికి 79 అని వారు అంచనా కట్టిరి.

ఈ రెండవ సంఖ్య చూచి ఉలిక్కిపడుటకు ముందు ఒక్క క్షణము ఆగవలెను. అయిదు లక్షల పైచిలుకు మందిలో ఇట్టి ప్రయాణికులు 78 మందియే. అందుచేతనే ఆ అంచనా 53 మొదలు 97 వరకు ఎక్కడనైనను ఉండవచ్చునని రచయితలు దాచక తెలిపిరి. ఇంకొక సందేహము కూడ కలదు. కలిసి బయలుదేరినవారు తరచుగా కలిసి పనిచేసినవారే. 2020 వేసవిలో చెన్నైలోని కోయంబేడు మార్కెటునుండి రోగము నెల్లూరు, చిత్తూరు జిల్లాలకు పాకినది. అట్టి చోటినుండి పదిమంది ఒకే లారీలో వచ్చిరనుకొందము. పదిమందికీ రోగము బయటపడినచో అది లారీలో అంటినదా, మార్కెటులోనే అంటినదా? మొదట పరీక్షింపబడినవాడు మొదటి రోగి అని చెప్పలేము.

ఇది సంఖ్యల తగవు మాత్రము కాదు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలైనపుడు తెలుగు పల్లెలు పలుచోట్ల దారికి ముండ్లకంపలు అడ్డము వేసికొనినవి. మే 1న లింగంపల్లినుండి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక రైలు కదలువరకు వలసకూలీలు ఎందరో నడిచియే పోయిరి. పటములో ఊరివైపు గీసిన బాణమును చదువరి ‘రోగము తెచ్చినవాడు’ అని చదువుకొనును. అదే బాణమును ‘వైద్యము ముందుగా అందవలసినవాడు’ అనియు చదువవచ్చును. పని చేయుచోట పరీక్ష, బస్సులో గాలి ఆడుటకు తెరచిన కిటికీ, ఊరు చేరగానే మందు, తిండి: ఈ మూడింటికి దారి చూపిననే ఆ పటము సార్థకము. ఈ రెండు వ్యాసములును అంతదాక పోవుటకు సాధనములు ఇచ్చినవి; దృష్టి మనమే తెచ్చుకొనవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పని చేయింపవచ్చును. పేర్లు వ్రాయక, ఊరినుండి ఏ నెలలో ఎందరు ఎక్కడికి పోవుదురో, ప్రయాణము ఎన్ని గంటలో, ఎన్ని నాళ్లకు తిరిగి వత్తురో విద్యార్థులచేత అడిగించి పటము గీయింపుడు. టవరుకు అందని బిడ్డ ఆ పటములో తప్పక కనబడును.