క్రౌన్ పళ్లకు సింధూరం

అంబాసిడర్ రోగం డ్రైవరు కన్నా ముందు వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. వేగం యాభై దాటగానే సీటు కింద సన్నగా మూలుగు మొదలవుతుంది. ఢిల్లీలో ప్రభుత్వ కార్లంటే తెల్ల అంబాసిడర్లే అయిన రోజుల్లో, ఆంధ్రా భవన్ నుంచి పార్లమెంటు దాకా వెళ్లేలోపే ఆ మూలుగు చెవిన పడేది. "క్రౌన్ పోయింది" అని వెంటనే తేల్చేసే మెకానిక్కులకు అప్పుడూ కరువు లేదు, ఇప్పుడూ లేదు. మంచి ఉస్తాద్ ఆ మాట అన్నింటికన్నా చివర అంటాడు.

వెనక ఇరుసు దగ్గర షాఫ్టు చివర చిన్న పినియన్ గేరు, దానికి అడ్డంగా పెద్ద క్రౌన్ గేరు. ఈ రెండూ తిరుగుడును పక్కకు మళ్లించి, వేగం తగ్గించి, బలం పెంచుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలిది తక్కువ తిరిగేలా సర్దేవి క్రౌన్‌కు బిగించిన పెట్టెలోని చిన్న గేర్లు. ఈ మొత్తాన్నీ కలిపి డిఫరెన్షియల్ అంటారు. చప్పుడు మలుపుల్లో మాత్రమే వస్తే ముందు వాటినే అనుమానించాలి.

యాక్సిలరేటర్ తొక్కితే మూలిగి, వదిలితే ఆగిందంటే క్రౌన్ పళ్ల ఒక ముఖం అరిగిందని అర్థం. వదిలినప్పుడే ఊళపెడితే రెండో ముఖమో, పినియన్ బేరింగో. బండిని కొద్దిగా కుడికీ ఎడమకీ ఊపినప్పుడు చప్పుడు మారితే వీల్ బేరింగ్‌ది. రోడ్డు మారగానే మారితే అది టైర్ల గోల, డిఫరెన్షియల్ జోలికే పోవద్దు. ఫస్ట్ నుంచి రివర్స్‌కు వేయగానే టక్కుమంటే ముందు షాఫ్టు కీలులోని క్రాస్ పట్టుకుని తిప్పి చూడాలి. రెండు వందల రోగానికి ఇరవై వేల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎంతమందో!

తర్వాత నూనె. అడుగు ప్లగ్ విప్పితే మెత్తటి బూడిదరంగు ముద్ద కనిపించడం సహజం. వేళ్లకు గుచ్చుకునే రవ్వలు కనిపిస్తేనే గుండె జారాలి. ఈ గేర్లలో పినియన్ క్రౌన్ నడిమికి కాస్త కిందుగా ఉంటుంది కనుక పళ్లు ఒరుసుకుంటూ జారతాయి. మామూలు నూనె పొర ఆ ఒత్తిడికి చిరిగిపోతుంది. అందుకే గంధకం వాసన కొట్టే ఈపీ 90 పోయాలి. సీలు కారి నూనె తగ్గినా ఎవరూ చూడకపోవడం వల్ల పోయిన క్రౌన్లే ఎక్కువ.

ఇక అసలు విద్య. డిఫరెన్షియల్ దించాక పళ్ల మధ్య వదులు కొలుస్తారు. సాధారణంగా అది 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు, అంటే ఒకటి రెండు కాగితాల మందం. తర్వాత నూనెలో కలిపిన సింధూరాన్ని క్రౌన్ పళ్లకు పూస్తారు. ఆంజనేయుడికి నూనెతో కలిపి పూసే సింధూరం లాంటిదే ఇదీ. కొన్ని షెడ్లలో నీలం రంగు వాడతారు. క్రౌన్‌ను కాస్త అదిమిపట్టి పినియన్ తిప్పితే, పన్ను ఎక్కడ తగులుతుందో అక్కడ రంగు చెరుగుతుంది. మచ్చ పంటి నడుమ పడాలి. కొనకు పడితే పినియన్ దూరంగా ఉంది, షిమ్ (సందులో పెట్టే పల్చటి రేకు) పెంచి దగ్గరికి జరపాలి. మొదట్లో పడితే మరీ లోతుకు వెళ్లింది. లోపలి అంచుకో బయటి అంచుకో పడితే క్రౌన్‌ను పక్కకు జరపాలి. విప్పడం, షిమ్ మార్చడం, బిగించడం, మళ్లీ పూయడం. పూట గడిచిపోతుంది. తొందరపడేవాడు ఇక్కడే దొరికిపోతాడు.

అరిగిన పళ్లను దగ్గరకు బిగిస్తే మూలుగు పోదు, పెరుగుతుంది. అవి ఇన్నేళ్లూ ఒకచోట ఒరుసుకుని అక్కడికే అలవాటుపడ్డాయి. బేరింగులు మాత్రమే పాడైతే, కొత్తవి వేసి పళ్లను పాత చోటికే చేర్చాలి. పళ్లే పోతే క్రౌన్‌నూ పినియన్‌నూ కలిపి మార్చాలి. ఆ రెంటినీ ఫ్యాక్టరీలో కలిపి నూరుతారు, జోడీ నంబరు వేస్తారు. మాయాపురి తుక్కులో దొరికిన క్రౌన్‌కు కశ్మీరీ గేట్‌లో దొరికిన పినియన్‌ను కట్టబెడితే జాతకాలు కలవని పెళ్లే.

ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు ఢిల్లీ ఎన్సీఆర్‌లో తిరగరాదన్న నిషేధాన్ని సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. తర్వాత ఉత్తర్వులు అటూ ఇటూ మారినా, పళ్లు అరగకముందే క్యాలెండరు అరిగిన బండ్లు చాలానే తుక్కుకు చేరాయి. వాటి ఇరుసుల్లో జోడీ చెడని క్రౌన్లు దొరుకుతుంటాయి. నంబర్లు చూసి ఏరుకోవడానికి ఓపిక కావాలంతే.

బిగించాక మొదటి ట్రయల్‌కు ఉస్తాద్ స్టీరింగ్ పట్టడు. కుర్రాణ్ని నడపమని, తను వెళ్లి వెనక సీట్లో కూర్చుంటాడు.