కనిపించని ప్రతివాది

2015 అక్టోబర్‌లో ఆ వార్తని మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. అమెరికాలోని కనెక్టికట్‌లో ఒకావిడ, తనని ఆంటీ అని పిలిచే పన్నెండేళ్ల పిల్లాడి మీద 1,27,000 డాలర్లకి దావా వేసింది. వాడు చేసిన తప్పల్లా ఆవిడని గట్టిగా వాటేసుకోవడం.

కథగా చూస్తే వంక పెట్టడానికి లేదు. 2011లో వాడి ఎనిమిదో పుట్టినరోజు. ఆవిడ కనపడగానే కొత్త సైకిల్ పడేసి పరిగెత్తుకొచ్చి మీదకి ఎగిరాడు. ఆవిడ కింద పడింది, మణికట్టు విరిగింది. కేసు విచారణకొచ్చేసరికి వాడికి తల్లి లేదు. తండ్రి పక్కన కూర్చుని అంతా విన్నాడు. పార్టీలో చిరుతిళ్ల ప్లేటు పట్టుకోవడం కూడా కష్టమవుతోందని ఆవిడ బోనెక్కి చెప్పింది. ఆ ఒక్క ప్లేటు చాలు, విలన్ తయారైపోయింది. జ్యూరీ 25 నిమిషాల్లో దావా కొట్టేసింది. మేం ఎమోజీలు పెట్టి నవ్వుకున్నాం.

నాలుగేళ్ల తర్వాత అమ్మ అమెరికా వెళ్లి, అక్కావాళ్ల ఇంట్లో గరాజ్ మెట్టు మీద జారిపడింది. మణికట్టే. అప్పుడు ఆ వార్తని రెండోసారి చదివాను. ఈసారి అందులో ఒక పాత్ర తక్కువైందని తెలిసింది.

ఆ పాత్ర ఇన్సూరెన్స్ కంపెనీ. అక్కడ ఇంటికి తీసుకునే పాలసీలో, ఇంటివాళ్ల నిర్లక్ష్యం వల్ల వచ్చినవాళ్లకి దెబ్బ తగిలితే ఖర్చు భరించే భాగం ఒకటుంటుంది. కంపెనీ తనంతట తాను ఒప్పుకోకపోతే దావా వెయ్యాలి. కానీ కనెక్టికట్‌లో నేరుగా కంపెనీ మీద వెయ్యడం కుదరదు, మనిషి పేరు రాయాలి. కంపెనీ తమకి ఇస్తానన్నది ఒక్క డాలరని ఆవిడ లాయర్లు తర్వాత చెప్పారు. ఇంకో మెలిక కూడా ఉంది. పాలసీ ఉందన్న సంగతిని నిర్లక్ష్యానికి రుజువుగా జ్యూరీ ముందు పెట్టకూడదు. అంటే మనలాగే జ్యూరీ కూడా ఆ పాత్ర లేని కథే విన్నది.

అలాగని ఆవిడ వైపు వకాల్తా పుచ్చుకోవడం లేదు. తీర్పు సరైనదే. ఎనిమిదేళ్ల పిల్లాడు ఆప్యాయంగా మీద పడితే అది నిర్లక్ష్యం ఎలా అవుతుంది? నన్ను పట్టుకున్నది ఆ కేసులోని భాష. వాడు ప్రేమగల పిల్లాడని కోర్టులో చెప్పిందీ ఆవిడే, అంత జోరుగా మీద పడితే దెబ్బ తగులుతుందని వాడికి తెలిసుండాలని రాయించిందీ ఆవిడ దావాయే. జరిగింది ఒకటే, దానికి భాషలు రెండు. డబ్బు రావాలంటే రెండో భాషలోనే రాయాలి. మనం ఆ భాషని ఆవిడ మనసనుకున్నాం.

మన దగ్గర మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ కాగితాలు చూడండి. బండి ఓనరు పేరు కిందే ఇన్సూరెన్స్ కంపెనీ పేరు కూడా ప్రతివాదిగా కనిపిస్తుంది. డబ్బు ఎవరి జేబులోంచి రావాలో చదివినవాడికి తెలుస్తుంది. కానీ ఇంట్లో జారిపడితే కేసన్న ఊహే మనకి రాదు. మనకి తెలిసిన కోర్టు పొలం గట్ల కోర్టు, అన్నదమ్ముల వాటాల కోర్టు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడంటాం. కోర్టంటే పగ అని ముందే తీర్మానించుకున్న పాఠకులం కాబట్టి, ఆ కనెక్టికట్ కథ మనకి అంత సులువుగా అర్థమైపోయింది. అంత సులువుగా అర్థమైనప్పుడే అనుమానం రావాల్సింది.

అమ్మ సంగతిలో కంపెనీవాళ్లు మెట్టులో లోపం లేదన్నారు. ఇక మిగిలింది దావా. అక్క ఉండే రాష్ట్రంలోనూ పద్ధతి అదే. "నా మీద కేసు వెయ్యమ్మా, డబ్బు నేను కట్టేది కాదు" అని అక్క ఫోన్లో బతిమాలింది. "కన్నకూతురి మీదా? చేయి పోయినా వెయ్యను" అంది అమ్మ. సర్జరీ బిల్లు కట్టడానికి నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టారు.

అమ్మది తప్పని నేననను. ఆ దావా పడుంటే పైన అమ్మ పేరు, కింద అక్క పేరు ఉండేవి. కంపెనీ పేరు ఎక్కడా ఉండేది కాదు. దాన్ని ఎవడో నాలాంటివాడు వాళ్ల ఆఫీసు గ్రూపులో పెట్టి ఉండేవాడు.