ఇస్తాం, కట్టిస్తాం, వేయిస్తాం

నవలలు రాసేదాన్ని కనక ఏ కాగితం చేతికొచ్చినా పాత్రలెవరు, కథేమిటి అని చూడడం నాకు అలవాటు. ఎన్నికల ప్రణాళికలు కూడా అలాగే చదువుతాను. “రాసినవాళ్ళే చదవరే అమ్మాయ్!” అని మా అత్తగారు నవ్వుతారు.

చదివితే ఒక సంగతి పట్టుబడుతుంది. పెద్ద పార్టీల రాతలో క్రియలు మూడే: ఇస్తాం, కట్టిస్తాం, వేయిస్తాం. మంచి మాటలే, కాదనను. వీధిలో రోడ్డు వేయిస్తే సంతోషించని ఇల్లాలుంటుందా? కాని “ఇక్కడ కట్టనివ్వం” అనే వాక్యం కోసం వెతికి చూడండి. భూతద్దం పెట్టినా దొరకడం కష్టం.

ఆ ఒక్క వాక్యం లేకపోతే ఏమవుతుందో బెజవాడ వాళ్ళకి వేరే చెప్పాలా? 2024 మే 13న ఓట్లు వేశాం. సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌లోకి వచ్చింది. మా ఆడపడుచు వాళ్ళు మూడు రోజులు మేడమీదే ఉన్నారు. చుట్టూ నీళ్ళు, గొంతు తడుపుకోడానికి చుక్క లేదు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. బుడమేటి వరదని వెలగలేరు దగ్గర కృష్ణలోకి మళ్ళించే కాలవ ఉంది గాని, కృష్ణే నిండి ఉంటే ఆ నీళ్ళు ఎటు పోతాయి? వాన దేవుడు కురిపించాడు, సరే. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరు దాకా వెళ్ళే ఏటి దారిలో ఇళ్ళ స్థలాలు కొలిచింది దేవుడు కాదు గదా!

ఇక కొల్లేరు. 1999లో అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. 2008లో ఆ హద్దునే ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకి తగ్గించమని మన శాసనసభ తీర్మానం చేసింది. నా నవలలో నాయకుడి మనసు ఇంత త్వరగా మారితే మీరు ఉత్తరాలు రాసి తిడతారు.

పెద్ద పార్టీని అని లాభం లేదు లెండి. చెరువు తవ్వినవాడూ, ప్లాట్లు వేసినవాడూ, అప్పుచేసి కొన్నవాడూ, అందరూ దాని మనుషులే. అందరికీ వడ్డించాల్సినావిడ ఎవరి చెయ్యి పట్టుకుని ఆపగలదు? అందుకే ‘వద్దు’ అనడమే పనిగా పెట్టుకున్న చిన్న పార్టీ ఒకటుండాలనిపిస్తుంది.

1983 జనవరిలో మనవాళ్ళు ఏడాదైనా నిండని పార్టీకి పట్టం కట్టారు. ఆ మార్చిలోనే పశ్చిమ జర్మనీలో పెట్రా కెల్లీ అనే ఆవిడా, ఆమె తోటి పర్యావరణ పార్టీ వాళ్ళూ మొక్కలు పట్టుకుని పార్లమెంటులో అడుగుపెట్టారు. పడిన ఓట్లు నూటికి 5.6. అక్కడ అయిదు దాటితే సీట్లొస్తాయి. మన దగ్గర చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ధరావతు కూడా దక్కదు. మన దేశంలోనూ 2018లో ఇండియా గ్రీన్స్ పార్టీ అని ఒకటి పుట్టింది. మీలో ఎంతమంది విన్నారు?

“గెలవనివాడికి ఓటెయ్యడం చిల్లుబిందెలో నీళ్ళు పొయ్యడమే,” అంటారు అత్తగారు. అలా ఎందుకనుకోవాలి? రెండు వేల తేడాతో ఓడినవాడు, ఏటి పేరు చెప్పినవాడికి పడ్డ మూడు వేల ఓట్ల వంక ఆశగా చూడడూ? వచ్చేసారి అతని కాగితంలోకీ ఏరు వస్తుంది.

అలాగని చిన్న పార్టీ రాస్తే చాలు, మెచ్చేసుకుంటానని కాదు. కొల్లేరనగానే కొంగల గురించి మురిసిపోతూ రాస్తాం. 2006లో పెద్దవాళ్ళ చెరువులతోపాటు పేదల సొసైటీ చెరువులూ పోయాయి. ఆ ఇళ్ళలో పొయ్యి ఎలా వెలగాలో రాయని ప్రణాళికకి నేనూ ఓటు వెయ్యను. ‘వద్దు’ అన్నాక ‘మరి?’ అనే పేజీ కూడా ఉండాలి.

ఇదంతా విని అత్తగారు కళ్ళజోడు తీశారు. “సరే, ఇంతకీ వాళ్ళ గుర్తేవిటే?”

కిందటిసారి యంత్రం మీద పైనుంచి కిందదాకా చూశాను. అలాంటి గుర్తేదీ లేదని చెప్పాను.

“ఉన్నప్పుడు చెప్పు,” అని మళ్ళీ బియ్యం ఏరుకోసాగారు.