కాళ్లు కిందికి దించుదాం

వెంటిలేటర్ గొట్టం నోట్లో ఉండగానే రోగిని మంచం అంచున కూర్చోబెడతారంటే మన ఇళ్లలో ఎవరూ నమ్మరు. కదలకుండా పడుకోమనడమే కదా మనకు తెలిసిన వైద్యం! కానీ పడుకున్న కండరం కరిగిపోతుంది. ఇంగ్లండ్‌ పరిశోధకులు 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఐసీయూ రోగుల తొడ కండరం పది రోజుల్లోనే దాదాపు 18 శాతం తగ్గింది.

అందుకే ఐసీయూ ఫిజియోథెరపిస్టుల పనితనం నాకు అబ్బురం. ముందు మానిటర్ చూస్తారు: బీపీ, ఆక్సిజన్, గుండె వేగం. మత్తుమందు ఎంత తగ్గించారో నర్సునడుగుతారు. ఒకరు గొట్టం పట్టుకుంటే, ఇంకొకరు సెలైన్ లైన్లు, యూరిన్ బ్యాగు సర్దుతారు. ‘‘పెద్దాయనా, నా భుజం పట్టుకోండి, కాళ్లు కిందికి దించుదాం.’’ కాసేపు కూర్చోగలిగితే ఆ రోజుకు అదే గెలుపు. ముఖం పాలిపోతే వెంటనే పడుకోబెట్టడమూ ఈ విద్యలో భాగమే. ఇంకో రోజు కుర్చీలోకి. వీలైతే వాకర్‌తో, పక్కన వెంటిలేటర్ తోసుకుంటూ, నాలుగడుగులు.

అమెరికాలో 104 మందిపై చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. తొలిరోజుల నుంచే కదిలించినవారిలో 59 శాతం మంది ఆసుపత్రి వదిలేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగారు. మిగతావారిలో 35 శాతమే. అలాగని ఎంత కదిలిస్తే అంత మేలనుకోకూడదు. 750 మందితో జరిగి, 2022లో వెలువడిన ‘టీమ్’ ట్రయల్‌లో మోతాదు పెంచితే అదనపు లాభం కనబడలేదు సరికదా, ఇబ్బందులు పెరిగాయి. రోగి ముఖం చూసి ‘‘ఇవాళ్టికి చాలు’’ అనగల చేయి తిరిగినవాళ్ల విలువ అక్కడే తెలుస్తుంది.