నటశిక్షణకు పాఠ్యంగా ‘కన్యాశుల్కం’: కరటకశాస్త్రి నేర్పే పాఠం

వ్యాస సంగ్రహం:
విశ్వవిద్యాలయాల్లోను, డిగ్రీ కళాశాలల్లోను ‘కన్యాశుల్కం’ నాటకాన్ని ప్రధానంగా సంఘసంస్కరణ సాహిత్యంగానే బోధిస్తున్నారు. ఆ నాటకం నటనను గురించిన నాటకం కూడా. అందులోని ముఖ్యపాత్రలు అనేకం ఏదో ఒక వేషం కట్టినవే. ఈ లక్షణం ఆధారంగా నాటక విద్యార్థులకు అభినయాన్ని, రంగస్థల నిర్వహణను నేర్పడానికి ‘కన్యాశుల్కం’ ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ ఉపకరించదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: కన్యాశుల్కం, గురజాడ, నటశిక్షణ, చతుర్విధాభినయం, రంగస్థలం, వాచికం.

1. ఉపోద్ఘాతం:
నాటకం దృశ్యకావ్యమని ప్రతి తెలుగు విద్యార్థీ చదువుకుంటాడు. అయితే తరగతి గదిలో అది శ్రవ్యకావ్యంగా కూడా మిగలడం లేదు. అధ్యాపకుడు కథాసారాంశం చెప్పి, పాత్రచిత్రణను వివరించి, సంస్కరణోద్యమ నేపథ్యాన్ని జోడించి పాఠం ముగిస్తున్నాడు. గిరీశం పాత్రను గురించి నాలుగు పుటల సమాధానం రాయగల విద్యార్థి, గిరీశం మాటను ఒక్కటైనా బిగ్గరగా పలికిన అనుభవం లేకుండానే పట్టా అందుకుంటున్నాడు. రంగస్థల కళల శాఖల్లో పరిస్థితి దీనికి విపర్యయంగా ఉంటుంది. అక్కడ శరీర వ్యాయామాలు, స్వరసాధన, దీపకాంతి ప్రణాళిక ఉంటాయి గాని తెలుగు నాటక పాఠ్యాన్ని పదపదంగా విప్పి చదివే అవకాశం తక్కువ. సాహిత్యశాఖకు పాఠ్యం, రంగస్థలశాఖకు ప్రయోగం అన్న ఈ పంపకం వల్ల రెండు చోట్లా నష్టపోతున్నది నటుడే.

2. నటనను కథావస్తువుగా చేసుకున్న నాటకం:
గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో ముద్రణ పొందింది. సమూలంగా పెంచి, మార్చిన ఏడంకాల రూపం 1909లో వెలువడింది. నేడు పాఠ్యంగా ఉన్నది ఈ రెండవ కూర్పే.

ఈ కూర్పులో కథను నడిపే ఉపాయం ఒక వేషం. సుబ్బిని లుబ్ధావధాన్లకు అమ్మే పెళ్లిని తప్పించడానికి ఆమె మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం కట్టిస్తాడు. తాను గుంటూరు శాస్త్రులుగా మారి ఆ ‘పిల్ల’ను తక్కువ ధరకు లుబ్ధావధాన్లకు అంటగడతాడు. కరటకశాస్త్రి విదూషక పాత్రలు ధరించే నటుడు కావడం ఇక్కడ యాదృచ్ఛికం కాదు. నాటకంలోనే ఒక నటగురువు, ఒక నటశిష్యుడు, ఒక ప్రదర్శన, దానిని నిజమని నమ్మే ఒక ప్రేక్షకుడు ఉన్నారు. గుట్టు తెలిసి సహకరించే మధురవాణి ఆ ప్రదర్శనకు నేపథ్య నిర్వాహకురాలి వంటిది. చివరి అంకంలో ఆమె కూడా పురుషవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. గిరీశం వేషం మార్చడు గాని ఎదుటి మనిషిని బట్టి గొంతు, భాష, భంగిమ మారుస్తూనే ఉంటాడు. సాహిత్య విమర్శ ఈ వేషాలను కపటానికి, సాంఘిక వ్యంగ్యానికి గుర్తులుగా చదివింది. ఆ పఠనం సరైనదే. నటశిక్షణ దృష్టితో చూస్తే అవే సన్నివేశాలు సిద్ధంగా ఉన్న అభ్యాసాలు.

3. చతుర్విధాభినయం – సన్నివేశ అభ్యాసాలు:
భరతుడు నాట్యశాస్త్రంలో ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించాడు. తరగతిలో ఈ నాలుగూ నిర్వచనాలుగా కంఠస్థమవుతున్నాయి. ఒక్కో సన్నివేశానికి అన్వయిస్తే అవి పనిముట్లుగా మారతాయి.

3.1 ఆంగికం:
మొదటి అంకంలో మధురవాణి ఇంటి రంగం ఆంగికానికి చక్కని పాఠం. గిరీశం రాకతో రామప్పపంతులు మంచం కిందికి దూరతాడు. చీపురుకట్టతో పూటకూళ్లమ్మ రాగా గిరీశం కూడా అక్కడికే చేరతాడు. ఈ రంగంలో హాస్యం మాటలకంటె కొలతల్లో ఎక్కువగా ఉంది. మంచం ఎత్తు ఎంత, ప్రేక్షకుల వైపు ఎవరి ముఖం ఉంటుంది, తలుపు నుంచి మంచానికి ఎన్ని అడుగులు, చీపురు దెబ్బ ఎప్పుడు పడాలి అన్నవి తేల్చకుండా నవ్వు పుట్టదు. రెండు బల్లలు జరిపి మంచంగా భావించినా ఈ అభ్యాసం సాధ్యమే. ప్రవేశ నిష్క్రమణలు, రంగస్థల విభాగాలు, వస్తువుల వినియోగం, తోటి నటుడి దేహభద్రత అనే నాలుగు ప్రాథమిక విషయాలు ఈ ఒక్క రంగంతో విద్యార్థికి అనుభవంలోకి వస్తాయి.

3.2 వాచికం:
నాటకారంభంలో బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒంటరిగా మాట్లాడుకుంటాడు. పూటకూళ్లమ్మ దగ్గర తెచ్చిన సొమ్ము భయం, మధురవాణిపై మమకారం, ఊరు విడిచే ఆలోచన ఒకదానివెంట ఒకటి దొర్లుతాయి. ఆలోచన మారిన చోట కాకువు మారాలి. విద్యార్థి ముందుగా చేయవలసినది ఆ మార్పులను పెన్సిలుతో గుర్తించడం. వెంకటేశం రాగానే అదే గొంతు గురువు గొంతుగా మారుతుంది, ఫొటోగ్రాఫు బాకీ కోసం బంట్రోతు రాగానే మరొకటవుతుంది.

ఇక్కడే మాండలిక సమస్య ఎదురవుతుంది. రాయలసీమ, తెలంగాణ విద్యార్థులు విజయనగర ప్రాంతపు యాసను అనుకరించబోయి దానిని ఎగతాళిగా మారుస్తారు. యాసను నవ్వుల వస్తువుగా కాక ఊపిరి విరుపుల క్రమంగా నేర్పాలి. ఆ ప్రాంతపు విద్యార్థి తరగతిలో ఉంటే, అతడు చదవగా మిగిలినవారు వినడం మొదటి పాఠం కావాలి. ప్రామాణిక భాష పేరుతో ఎన్నో ఏళ్లుగా నోరు కట్టుకున్న విద్యార్థికి ఆ గంటలో దక్కే గౌరవం చిన్నది కాదు.

3.3 ఆహార్యం:
మహేశం పాత్ర ఆహార్యాభినయానికి పరీక్ష. ఆ వేషం లుబ్ధావధాన్లను నమ్మించాలి. లోపల ఉన్న కుర్రవాడు మాత్రం ప్రేక్షకుడికి కనబడుతూనే ఉండాలి. చీర కట్టుతో ఈ రెండు పనులూ జరగవు. కూర్చునే తీరు, కొంగు సర్దుకోవడంలోని తడబాటు, గురువు వంక చూసే చూపు తోడు కావాలి. సత్యభామ వంటి పాత్రలతో స్థానం నరసింహారావు ప్రతిష్ఠించిన స్త్రీవేష సంప్రదాయానికీ దీనికీ ఉన్న భేదాన్ని విద్యార్థులు చర్చించాలి. అక్కడ పురుషుడు పూర్తిగా మరుగున పడటమే సిద్ధి. ఇక్కడ కొంత బయటపడటమే పాత్రధర్మం. ఈ తేడా గ్రహించకపోతే ఆ రంగం స్త్రీల నడకను, మాటను వెక్కిరించే చవకబారు హాస్యంగా దిగజారుతుంది. స్త్రీల విక్రయాన్ని నిరసించే నాటకంలో అలా జరగడం శిల్పదోషమే కాక అర్థదోషం కూడా.

3.4 సాత్త్వికం:
ఏడవ అంకంలో సౌజన్యారావు, మధురవాణి కలుసుకునే రంగం సాత్త్వికానికి గీటురాయి. వేశ్యలను దూరం పెట్టే నియమం గల వ్యక్తి ఎదుట, తానెవరో ముందు దాచి, పిదప బయటపెట్టే స్త్రీ ఆమె. చమత్కారం వెనుక ఉన్న గౌరవకాంక్షను నటి పట్టుకోగలగాలి. స్తానిస్లావ్‌స్కీ పద్ధతి ఇక్కడ అక్కరకు వస్తుంది. పాత్ర ఏ పరిస్థితుల్లో ఉంది, ఈ క్షణంలో దానికి ఏమి కావాలి, అడ్డు ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు విద్యార్థి పాఠ్యం నుంచే సమాధానాలు వెతకాలి. మహేశానికీ ఇదే వర్తిస్తుంది. తన కూతురినిచ్చి పెళ్లి చేస్తానన్న కరటకశాస్త్రి మాటే ఆ కుర్రవాడి సాహసానికి ప్రేరణ. ఆ ఆశ కళ్లలో లేకపోతే వేషం ఉత్త వేషమే.

4. అనుకరణ అనే అవరోధం:
1955లో వచ్చిన ‘కన్యాశుల్కం’ చలనచిత్రంలో గిరీశంగా ఎన్.టి. రామారావు, మధురవాణిగా సావిత్రి నటించారు. రంగస్థలంపై గిరీశం పాత్రకు జె.వి. రమణమూర్తి, రామప్పపంతులు పాత్రకు జె.వి. సోమయాజులు ప్రసిద్ధులు. ఈ వారసత్వం విద్యార్థికి ఆస్తి, బరువు కూడా. కెమెరాకు దగ్గరగా చేసిన కనుబొమ కదలిక చివరి వరుస ప్రేక్షకుడికి అందదు. అందువల్ల ముందు పాఠ్యాన్ని అభ్యసించి, తమ ప్రదర్శన నిలదొక్కుకున్న తరువాతనే చిత్రాన్ని చూసి పోల్చుకోవడం మేలు.

5. పరిమితులు:
‘కన్యాశుల్కం’ ఒక్కటే నటశిక్షణకు చాలదు. ఇది ప్రధానంగా వచన నాటకం. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయాలు’, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘హరిశ్చంద్ర’ కోరే శ్రుతిజ్ఞానం, ఊపిరి పట్టు, రాగాన్ని భావానికి లోబరచే నేర్పు దీనివల్ల అలవడవు. 1885లో మొదలైన సురభి సమాజాల్లో పిల్లలు తెర వెనుక పెరుగుతూ తెరలు, దీపాలు, తంత్రాలు నేర్చుకునే కుటుంబ శిక్షణకు వారానికి మూడు పీరియడ్లు ప్రత్యామ్నాయం కాలేవు. సాహిత్యాధ్యాపకునికి రంగస్థల శిక్షణ లేకపోవడం మరొక వాస్తవం. దీనికి రంగస్థలశాఖతో ఉమ్మడి బోధన పరిష్కారం. అది కుదరని చోట స్థానిక నాటక సమాజాల నటులను ఆహ్వానించవచ్చు.

మూల్యాంకనం అసలు చిక్కు. పరీక్ష రాతకే మార్కులిచ్చినంత కాలం అభ్యాసం అలంకారంగానే ఉంటుంది. అంతర్గత మార్కుల్లో కొంత భాగాన్ని పది నిమిషాల రంగప్రదర్శనకు, పాత్రకోసం విద్యార్థి రాసుకున్న నటుని పుస్తకానికి కేటాయించాలి. నటించడానికి జంకేవారికి రంగనిర్వహణ, సంభాషణల అందింపు, వస్తు సేకరణ అప్పగించి వాటికీ సమాన విలువనివ్వాలి. పెళ్లి రంగానికి మధురవాణి ఎరువిచ్చిన కంటె వేళకు అందకపోతే ఎంతటి నటుడైనా నిస్సహాయుడే.

6. ముగింపు:
‘కన్యాశుల్కం’ను సంస్కరణ పత్రంగా చదివిన విద్యార్థి ఆనాటి దురాచారాన్ని తెలుసుకుంటాడు. అదే నాటకాన్ని ఆడిన విద్యార్థి, ఆ దురాచారం సాగడానికి మనుషులు ఎన్ని వేషాలు కట్టారో తన దేహంతో గ్రహిస్తాడు. లుబ్ధావధాన్ల పిసినారితనాన్ని నటించడానికి అతడిని లోపలినుంచి అర్థం చేసుకోవాలి, అర్థం చేసుకుంటూనే అంగీకరించకుండా ఉండాలి. ఈ ద్వంద్వ దృష్టి నటునికీ విమర్శకునికీ ఉమ్మడి అవసరం. కరటకశాస్త్రి తన శిష్యుడికి శ్లోకార్థంతో పాటు వేషం కట్టడం కూడా నేర్పాడు. తెలుగు తరగతి గది మొదటిదానితో ఆగిపోయింది. రెండవదానికి కావలసినవి రెండు బల్లలు, ఒక చీపురుకట్ట, ఒక పీరియడు. తక్కినది పాఠ్యంలోనే ఉంది.