తొంభై ఏడు నిమిషాల పని

మహారాష్ట్రలోని సోలాపూర్ తూర్పు భాగంలోని తెలుగు పేటల్లో చంద్రయాన్ పేరు వినని పిల్లలుండరు. 2023 ఆగస్టు 23 సాయంత్రం దాని ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగినప్పుడు దేశమంతా టీవీల ముందు కూర్చుంది. ఆస్ట్రోశాట్ సంగతి అలా కాదు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ30 మోసుకెళ్లిన ఈ ఉపగ్రహం, ఖగోళ పరిశీలన కోసమే మన దేశం కక్ష్యలో నిలిపిన మొదటి పూర్తిస్థాయి వేధశాల. తెలుగు నేల మీంచి లేచినా తెలుగువాళ్లలో దాని పేరు తెలిసినవాళ్లు తక్కువే. కారణం ఊహించడం కష్టం కాదు. దానికి ఎక్కడా దిగడం ఉండదు, ఒక్క సాయంత్రంలో తేలిపోయే గెలుపూ ఓటమీ ఉండవు. ఉన్నదల్లా రోజువారీ పని, నిన్న చేసిందే ఇవాళ, ఇవాళ చేసిందే రేపు. నా వాదమల్లా ఇదీ: ఆ టెలిస్కోపు విలువంతా ఆ రోజువారీ పనిలోనే ఉంది. క్రమం తప్పకుండా చూడడం, చూసింది చూసినట్టు రాసిపెట్టడం అనే ఆ సంప్రదాయం ఈ ఉపగ్రహాన్ని నడిపే బెంగళూరులో నిన్నమొన్న పుట్టింది కాదు. హైదరాబాదులో నూరేళ్ల కిందటే వేళ్లూనుకున్నది.

ముందు ఆ పనేమిటో దగ్గరగా చూద్దాం. ఆస్ట్రోశాట్ భూమికి 650 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకు ఆరు డిగ్రీలు మాత్రమే వాలిన కక్ష్యలో తిరుగుతుంది. సోలాపూర్ నుంచి లెక్కిస్తే అది ఎప్పుడూ దక్షిణాన, ఆకాశంలో దిగువనే సాగిపోతుంది, నడినెత్తికి ఎన్నటికీ రాదు. ఒక చుట్టుకు 97 నిమిషాలకు కాస్త పైన పడుతుంది, అంటే రోజుకు పద్నాలుగు పదిహేను చుట్లు. ఈ 97 నిమిషాలూ పరిశీలనకు పనికొస్తాయనుకుంటే పొరపాటు. దాని అతినీలలోహిత టెలిస్కోపు ఉపగ్రహం భూమి నీడలో ఉన్నంతసేపే కన్ను తెరుస్తుంది. ఆ చీకటి వేళ అరగంట దాటితే కొంచెమే. చూడదలచిన నక్షత్రానికి భూమి అడ్డొచ్చే నిమిషాలు అందరికీ వృథానే. దక్షిణ అట్లాంటిక్ మీద విద్యుదావేశం గల కణాలు దట్టంగా ఉండే ప్రాంతం ఒకటుంది. ఎక్స్‌రే పరికరాల వోల్టేజీ తగ్గించి, అంచు వెంబడే అయినా, దాన్ని దాటాలి. కక్ష్యకు ఆరు డిగ్రీల వాలే పెట్టడానికి ముఖ్య కారణం ఆ ప్రాంతాన్ని వీలైనంత తప్పించుకోవడమే. టెలిస్కోపు ముఖం సూర్యుడికి 45 డిగ్రీల లోపు తిరగకూడదు. ఉపగ్రహం దూసుకుపోయే దిశకు కూడా తిరగకూడదు. ఆ ఎత్తున పలచగా మిగిలిన ఆక్సిజన్ పరమాణువులు అంత వేగంలో వచ్చి తగిలితే అద్దాల పూత చెడుతుంది. ఇన్ని అడ్డంకుల నడుమ దొరికిన నిమిషాలే అసలు పని వేళ.

ఆ నిమిషాలను ఏరి కూర్చడం పెద్ద విద్య. ఫలానా గెలాక్సీని ఫలానా కారణంతో చూడాలని శాస్త్రవేత్తలు ముందుగా దరఖాస్తు పెట్టుకుంటారు. ఒక నిపుణుల సంఘం వాటిని వడకడుతుంది. ఎంపికైన ప్రతి లక్ష్యం చుట్టూ ఉన్న నక్షత్రాలనూ ఒకటొకటిగా పరిశీలిస్తారు, ఎందుకంటే అతినీలలోహిత కెమెరాలో మరీ ప్రకాశవంతమైన నక్షత్రం పడితే ఆ కెమెరాకే ముప్పు. శాస్త్రం ఎంత ముఖ్యమైనదైనా పక్కనే అలాంటి నక్షత్రముంటే ఆ పరికరం అటు తిరగదు. ఆ తర్వాత ఏ చుట్టులో ఎటు తిరగాలో, ఏ ఫిల్టరు పెట్టాలో, ఏ నిమిషాన వోల్టేజీ దించాలో ఆదేశాల వరుసగా తయారుచేసి పైకి పంపుతారు. జకార్డు మగ్గమెక్కిన అట్టల దండను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చద్దరు మీది నెమలి మగ్గం ఆడేటప్పుడు పుట్టదు. అట్టకు చిల్లులు కొట్టేటప్పుడే పుడుతుంది, సాంచా, అంటే మరమగ్గం, దాన్ని పోగుపోగునా బయటికి తీస్తుంది. టెలిస్కోపు తానే తిరుగుతుంది కదా, ఇందులో మనిషి పనితనమేముందని అడిగేవారికి జవాబు ఇక్కడే ఉంది. పనితనం ముందే జరిగిపోయింది. ఒక్క ఆదేశం తప్పితే దాన్ని సరిచేయడానికి 650 కిలోమీటర్ల పైకి వెళ్లేవారు లేరు కాబట్టి, ఆ పనితనంలో అజాగ్రత్తకు చోటే లేదు.

ఇక చూడడమంటే ఏమిటి? మనం తీసే ఫొటోలా ఒక్క క్లిక్కుతో అయ్యేది కాదు. అతినీలలోహిత టెలిస్కోపులో 375 మిల్లీమీటర్ల అద్దాలున్న గొట్టాలు రెండు జంటగా ఉంటాయి. అది ఒకసారి చూసే మేర పున్నమి చంద్రుడి కన్నా రవ్వంత చిన్నది. కెమెరా సెకనుకు దాదాపు 29 చట్రాల చొప్పున తీస్తూ పోతుంది. ఏ చట్రంలోనైనా కాంతి కణం ఒక్కటి వచ్చి తగిలితే, అది పడిన చోటును కొలిచి ఒక చుక్కగా నమోదు చేస్తుంది. మసక గెలాక్సీ నుంచి ఒక్క చుక్క రావడానికి ఎన్నో చట్రాలు ఖాళీగా గడవాలి. ఈలోపు ఉపగ్రహం తిన్నగా నిలబడి ఉండదు, సన్నగా ఊగుతూ జరుగుతూ ఉంటుంది. చుక్కలను ఉన్నవి ఉన్నట్టుగా పేర్చితే బొమ్మ అలుక్కుపోతుంది. అందుకే మామూలు వెలుతురును చూసే మరో కెమెరా పక్కనే పనిచేస్తూ, తనకు కనిపించే నక్షత్రాలు ఎంత జరిగాయో చెబుతూ ఉంటుంది. ఆ జరుగుబాటును లెక్కగట్టి, ప్రతి చుక్కనూ అది నిజంగా పడాల్సిన చోటికి భూమి మీద కంప్యూటర్లలో తిరిగి సర్దుతారు. అలా సర్దాకే ఒకటిన్నర ఆర్క్ సెకన్ల వరకు స్పష్టత వస్తుంది. బొమ్మను టెలిస్కోపు తీయదు, లక్షల చుక్కల లెక్కలోంచి మనుషులు కడతారు.

కక్ష్య వాలు తక్కువ కావడం వల్ల ఇంకో మేలు కలిగింది. దాదాపు ప్రతి చుట్టులోనూ ఉపగ్రహం బెంగళూరుకు అందుతుంది. కొద్ది నిమిషాల ఆ వేళలోనే పోగైన సమాచారాన్ని కిందికి దించుతారు. బెంగళూరు దగ్గరి బ్యాలాలు కేంద్రంలో దాన్ని విడదీసి ఏ పరికరం వాటా ఆ పరికరం బాధ్యులకు పంపుతారు. గట్టి ఎక్స్‌రేలను పట్టే పరికరం వాటా సోలాపూర్‌కు 250 కిలోమీటర్ల దూరంలోని పుణెకు, అక్కడి ఐయూకా ఖగోళ సంస్థకు చేరుతుంది. ఈ పరికరానికి ఒక ప్రత్యేకత ఉంది. శక్తి హెచ్చిన కిరణాలు దాని గోడల గుండా కూడా దూసుకొస్తాయి కాబట్టి, తాను చూడని దిక్కున పేలిన గామా మెరుపులను కూడా అది పసిగడుతుంది. అలా పట్టినవి 2022 నాటికే 500 దాటాయి. 2017 జనవరి 4న రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు పుట్టిన గురుత్వ తరంగం ఒకటి భూమికి అందింది. అది వచ్చిన దిక్కునే కొత్తగా మసకబారుతున్న వెలుగొకటి కనిపించేసరికి, రెండిటికీ సంబంధముందేమోనని ప్రపంచమంతా తర్జనభర్జన పడింది. ఆ వెలుగు మర్నాడు జరిగిన వేరొక గామా విస్ఫోటం తాలూకుదని తేల్చింది ఆస్ట్రోశాట్ నమోదే. ఆ రోజు అటు చూడమని దానికెవరూ చెప్పలేదు. రోజూ చేసే నమోదు ఆ రోజూ చేసింది, అంతే. అద్భుతం కోసం కాచుక్కూర్చుని, అది జరిగినప్పుడే కన్ను తెరిచే పరికరమైతే ఈ చిక్కు ముడి విప్పగలిగేది కాదు.

హబుల్, జేమ్స్ వెబ్ లాంటి పెద్ద టెలిస్కోపులు ఉండగా ఈ చిన్నదెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. వెబ్ అద్దం ఆరున్నర మీటర్లు, మనది అర మీటరు కూడా కాదు. అయినా వెబ్ చూసేది ప్రధానంగా పరారుణ కిరణాలను, అతినీలలోహితం దాని చూపులో లేదు. హబుల్‌కు ఆ చూపు ఉంది గాని, దాని మీద ప్రపంచమంతా పోటీ పడుతుంది. పైగా మరీ మసక వెలుగును పట్టడంలో అద్దం పరిమాణం ఒక్కటే తీర్పు చెప్పదు, కెమెరా సొంత రొద ఎంత తక్కువన్నదీ చూడాలి. 2016 అక్టోబరులో ఆస్ట్రోశాట్ ఆకాశంలో ఒకే ముక్కను 28 గంటలకు పైగా చూసింది. చుట్టుకు అరగంట చొప్పున వేసుకున్నా యాభై చుట్లకు తగ్గదు. అందులో 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి తీవ్ర అతినీలలోహిత కాంతి వస్తున్నట్టు ఆనవాలు దొరికింది. అది నిజంగా ఆ గెలాక్సీదేనా, పక్కదాని కాంతా, పరికరం పొరపాటా అని తేల్చుకోవడానికి ఖగోళవేత్త కనక్ సాహా బృందానికి దాదాపు రెండేళ్లు పట్టింది. 2020 ఆగస్టులో ఫలితం వెలువడింది. విశ్వం తొలినాళ్ల చీకటి పొగమంచు ఎలా కరిగిందో వెతికేవారికి అది విలువైన ఆధారం. హబుల్‌కు చిక్కనిది దీనికి చిక్కడంలో తక్కువ రొద గల కెమెరా పాలు కొంత, పట్టు వదలకుండా ఒకే చోట చూసిన ఆ యాభై చుట్ల పాలు కొంత.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ తెప్పించిన టెలిస్కోపుతో మొదలైన నిజామియా వేధశాల, 1908లో ప్రభుత్వం చేతికొచ్చి బేగంపేటకు చేరింది. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళవేత్తలు ఆకాశాన్నంతా ఫొటో పలకల మీద పటం గీయాలని తీర్మానించి, దేశాలవారీగా భాగాలు పంచుకున్నారు. చిలీలోని శాంటియాగో చేయలేకపోయిన భాగం, ఖగోళ అక్షాంశాల్లో దక్షిణం 17 నుంచి 23 డిగ్రీల మధ్యది, హైదరాబాదు నెత్తికెత్తుకుంది. తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తి చేయని భాగంలోనూ కొంత తీసుకుంది. వేధశాల సంచాలకులు పోకాక్, ఆయన తర్వాత టి.పి.భాస్కరన్ ఈ పని నడిపించారు. గాజు పలక మీద ముందే ఐదు మిల్లీమీటర్ల గళ్లు ముద్రించి ఉంటాయి. పలక కడిగాక ఒక్కో గడిలోని ఒక్కో చుక్కనూ సూక్ష్మదర్శిని కింద కొలిచి, రెండు అంకెలుగా పుస్తకంలోకి ఎక్కించాలి. అలా నాలుగు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. చేసేటప్పుడు అందులో చెప్పుకోదగ్గ ఉత్సాహమేమీ ఉండదు. పైగా పథకమంతా ఎన్నో దేశాల్లో అనుకున్నదానికి దశాబ్దాలు ఆలస్యమైంది, కొందరు దాన్ని విఫల ప్రయత్నంగానూ లెక్కకట్టారు.

ఆ లెక్క తప్పని తేల్చింది ఒక అంతరిక్ష టెలిస్కోపే. 1989లో యూరప్ పంపిన హిప్పార్కోస్ నక్షత్రాల స్థానాలను అంతకు ముందెన్నడూ లేనంత నిక్కచ్చిగా కొలిచింది. ఏ నక్షత్రం ఎటు ఎంత వేగంతో జరుగుతోందో చెప్పాలంటే మాత్రం నేటి స్థానం ఒక్కటే చాలదు, పాతది కావాలి, ఎంత పాతదైతే అంత మంచిది. హిప్పార్కోస్ పరిశీలనల నుంచి 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలను లెక్కించడానికి ఆ పాత పలకల కొలతలే ముఖ్య ఆధారమయ్యాయి, వాటిలో హైదరాబాదు వాటా కూడా ఉంది. ఉపగ్రహాలే లేని రోజుల్లో బేగంపేటలో చేసిన పని, అంతరిక్ష టెలిస్కోపు పని పూర్తి కావడానికి అవసరపడింది. మరో తీగ మనుషుల ద్వారా సాగింది. నిజామియాలో పనిచేసిన తండ్రి వెంట అక్కడే నక్షత్రాలకు అలవాటుపడిన వైను బప్పు, 1971లో బెంగళూరులో భారత ఖగోళ భౌతిక సంస్థను నిలబెట్టారు. ఆస్ట్రోశాట్ అతినీలలోహిత టెలిస్కోపు తయారీకి సారథ్యం వహించింది ఆ సంస్థే. పరికరం మారింది, పలక పోయి కాంతి కణాల లెక్క వచ్చింది, క్రమం మాత్రం అదే.

సోలాపూర్ పేటల్లోంచి రాగల అసలైన ఆక్షేపణ హబుల్ గురించి కాదు, డబ్బు గురించి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు ఇవాళ సాంచాల మీద వచ్చే కూలి తెలియనిది కాదు. భౌగోళిక గుర్తింపున్న సోలాపూర్ చద్దరు కూడా చవక సరుకు పోటీలో నలుగుతోంది. ఇంట్లో ఇబ్బంది ఉండగా నక్షత్రాలకు డబ్బెందుకన్న ప్రశ్నను కొట్టిపారేయడం అన్యాయం. దానికి నా జవాబు రెండు మాటలు. ఆస్ట్రోశాట్ తయారీకి అయినది సుమారు 180 కోట్లు, ఐదేళ్లు పనిచేస్తే చాలనుకుని చేసింది, అది పదేళ్లు నిండేదాకా నడిచింది. ఏడాదికి వేసుకుంటే 18 కోట్లు, నడిపే ఖర్చు కలిపినా దేశ బడ్జెట్‌లో కనపడని మొత్తం. అది ఆపినా సాంచా కూలి రూపాయి పెరగదు, కూలి పెంచే విధానం వేరే చోట అడిగి సాధించాల్సింది. రెండోది ఇంకా గట్టి మాట. తెలుసుకోవడం ఉన్నవాళ్ల వ్యసనం, చేతిపని చేసుకునేవారికి అక్కర్లేదు అనే ఊహ ఆ చేతులను చిన్నబుచ్చడమే. పడుగులో ఒక్క పోగు తెగితే ఆపి ముడివేసి గాని ముందుకు కదలని మనిషికి, ఒక్క చుక్కను సరైన చోట పెట్టడానికి రెండేళ్లు తర్కించుకున్న మనిషి కష్టం తెలియకపోవడానికి కారణం లేదు. తెలియజెప్పనిది మనమే, తెలుగు పత్రికలమే.

పరికరం ముసలిదవుతోంది, అదీ దాచక్కర్లేదు. 2018లో అతినీలలోహిత కెమెరాల్లో ఒకటి మూగబోయింది, పెద్ద ఎక్స్‌రే పరికరంలోని మూడు డబ్బాల్లో ఒకదాన్ని ఆపేయాల్సి వచ్చింది. మిగిలినవాటితో పని సాగింది. దరఖాస్తు చేసినవారికి ప్రత్యేకించిన గడువు తీరాక, దాని పరిశీలనలు అందరికీ తెరుచుకుంటాయి. పేరు నమోదు చేసుకున్న ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, విశ్లేషించే ప్రోగ్రాములూ ఉచితమే. సోలాపూర్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివే నేత కార్మికుడి కూతురికి అడ్డు డబ్బు కాదు, ఇలాంటిదొకటి ఉందని తెలియకపోవడం. నేర్పేవాళ్లు పుణెలో ఉన్నారు, రైలెక్కితే కొన్ని గంటల దూరం. చేయాల్సిన పనికీ కొదవ లేదు. ఒక గెలాక్సీ కోసం కట్టిన ప్రతి బొమ్మలోనూ దాని చుట్టూ వందల చుక్కలు పడి ఉంటాయి. దరఖాస్తు పెట్టినవారు తమ గెలాక్సీని కొలుచుకుని ముందుకు వెళ్లిపోతారు. మిగతా చుక్కల్లో చాలావాటిని ఇంకా ఎవరూ తీరిగ్గా చూడలేదు.