ప్రబంధంలో అడవి

మన ప్రబంధకవులు అడవిని అడవికోసమే ప్రేమించారనే వాదాన్ని నేనంగీకరించలేను. 16వ శతాబ్దంలో రాయల ఆస్థానకవి పెద్దన చిత్రించిన ప్రవరుడు హిమాలయాన్ని కన్నులపండువుగా చూస్తాడు. మంచుకు పాదలేపం కరగిపోగానే ఆ కొండే అతనికి చెర అవుతుంది. మనసు ఇంటి అగ్నిహోత్రంవైపు పరుగెడుతుంది. తిరిగిపోయే దారి ఉన్నంతసేపే ఆ సౌందర్యం! ధూర్జటి 'కాళహస్తి మాహాత్మ్యం'లోని తిన్నడికి ఈ చిక్కు లేదు. అడవే అతని ఇల్లు, వేటే బ్రతుకు. అయినా కావ్యం చివరకు అతని భక్తికే పట్టం కట్టింది.

1882 మద్రాసు అటవీచట్టం వచ్చాక రిజర్వు అడవుల్లో పోడు నేరమయింది. దానికి కావ్యాలు కారణమని నేననను. కాని అడవిని చూడవచ్చినవాడి కన్నుతోనే చదివినవారికి, 1922–24 మన్యం తిరుగుబాటులో ఆ కడుపుమంట ఎంతుందో అర్థం కాదు. ప్రకృతివర్ణన చదివే విద్యార్థి అక్కడ చూస్తున్నదెవరో, బ్రతుకుతున్నదెవరో విడదీసి తెలుసుకోవాలి.